ఉప్పువాళ్ళ ఇంట్లో అయోడిన్ సీసా

హరిచందన సంచి నేనే సర్దుతున్నాను. నూలు చీరలు అడుగున, వాటి మీద పొట్టకు బిగుతుగా ఉండని కుర్తాలు, ఒక పక్క తువ్వాలు, ఇంకో పక్క కోడలు చేసి ఇచ్చిన కారప్పూస డబ్బా, మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి. పది గంటలకు అనురాగ్ కారు వేసుకుని వస్తాడు, పెళ్ళాన్ని తీసుకుని జహీరాబాద్ వెళ్ళిపోతాడు. బోనాలకు వచ్చిన మనవరాలు, కడుపుతో ఉన్న పిల్ల, ఇంకో గంటలో ఈ గడప దాటుతుంది. ఎండు కొబ్బరి చిప్పలు తెద్దామని వంటింట్లోకి వెళ్ళి వచ్చి, వాటికి చోటు చెయ్యడానికి చీరల కిందికి చెయ్యి పోనిచ్చాను. పొద్దున నేను పెట్టిన ఎర్రబట్ట మూట తగిలింది. మా ఇంటి ఆడపిల్ల ఎప్పుడు బయలుదేరినా సంచిలో అన్నిటికంటే అడుగున గుప్పెడు దొడ్డుప్పు ఎర్రబట్టలో కట్టి పెట్టడం మా అత్తగారి అత్తగారి నాటి నుంచి వస్తున్న పద్ధతి. మేము ఉప్పు అమ్ముకుని బతికినవాళ్ళం. మీర్ ఆలం మండీలో దుకాణం, ఇక్కడ జహనుమాలో ఇల్లు, ఈ గల్లీలో ఎవరిని అడిగినా ఉప్పు సేటు ఇల్లు అని వేలు చూపిస్తారు. ఉప్పు మూట ఎట్లా ఉంటుందో నా వేళ్ళకు తెలుసు, నొక్కితే లోపల గళ్ళు ఒకదానినొకటి రాసుకుని కరకరమంటాయి. ఈ మూట కరకరమనలేదు. గట్టిగా, గుండ్రంగా ఉంది. విప్పాను. గోధుమరంగు సీసా, మూతకు రబ్బరు తిత్తి ఉన్న గాజు గొట్టం, పైన నీలం కాగితం, దాని మీద సముద్రపు అలలు, అయోడిన్ చుక్కలు, థైరాయిడ్ వేళ్ళతో సహా మాయం అని తెలుగులో పెద్ద అక్షరాలు. వెంటనే జిప్పు అర చూశాను. పొద్దున నా చేత్తో నేను పెట్టిన హరిచందన గోలీల తెల్ల డబ్బా అందులో లేదు.

పురుషోత్తం. నా కొడుకు, ఈ పిల్ల తండ్రి. ఇంకెవరు. నేను వంటింట్లో ఉండగా గోలీలు తీసేసి చుక్కలు పెట్టాడు, అదీ మా అత్తగారి ఎర్రబట్టలో, ఉప్పు ఉండవలసిన చోట, అచ్చం ఆమె వేసే ముడి వేసి మరీ. నా చేతులు చల్లబడ్డాయి. కోపం వస్తే అందరికీ ఒళ్ళు వేడెక్కుతుందట, నాకు చల్లబడుతుంది, నాకూ ఆ రోగమే కదా. గొంతు దగ్గర ఉండే చిన్న గ్రంథి, అది మందగిస్తే మనిషి మొత్తం మందగిస్తుంది, మాట, నడక, గుండె, పేగు, ఆఖరికి ఆలోచన కూడా. ముందు నాకు వచ్చింది, తరువాత నా తోటికోడలు నాగమణమ్మకు, ఇప్పుడు ఈ పిల్లకు. ఆ పిల్ల మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. దువ్వుకోవడం కాదు, దువ్వెన జుట్టు మధ్యలో ఆగిపోయి ఉంది, కళ్ళు మూతలు పడుతున్నాయి.

"నిద్రొస్తున్నదా బిడ్డా?"

"ఊకె నిద్రనే నానమ్మా. కడుపుతోని ఉంటే గిట్లనే ఉంటదట గద."

"గోలీ ఏసుకున్నవా పొద్దుగాల?"

"నాన్న వద్దన్నడు. లోపలి బేబీకి మంచిది కాదట. చుక్కలు ఏసుకుంటున్న."

"ఎప్పటిసంది?"

"బోనాలప్పటిసంది. ఏమైతది నానమ్మా, నువ్వు మల్ల ఫికర్ మొదలువెట్టినవా?"

నవ్వి మళ్ళీ దువ్వెన కదిలించింది. నవ్వినప్పుడు చూశాను, కళ్ళ కింద ఉబ్బు, పెదవుల చుట్టూ ఉబ్బు. బోనాలప్పటి నుంచి. నా కళ్ళ ముందే, నా ఇంట్లోనే, నాకు తెలియకుండా. ఒళ్ళు చేసింది, కడుపు కళ వచ్చింది అని చూడవచ్చిన ఆడవాళ్ళంతా అన్నారు, నేనూ దిష్టి తీశాను. ఎవరి కళ? ఆ ముఖం నాకు తెలుసు. నిరుడు చలికాలం మొదలైనప్పుడు నా పక్క మంచం మీద అదే ముఖం ఉండేది. జహీరాబాదులో ఈ పిల్లను చూసే డాక్టరమ్మ పోనులో నాతో కూడా మాట్లాడింది, అవ్వా, మొదటి నెలల్లో లోపలి బిడ్డకు సొంత గ్రంథి పనిచెయ్యదు, తల్లి దగ్గర ఉన్నదే బిడ్డ మెదడుకు ఆధారం, గోలీ ఒక్కరోజు కూడా తప్పనివ్వకండి అంది. తప్పనివ్వనమ్మా అన్నాను. అన్నానే! బిడ్డ మెదడు. చుక్కలు వేసుకుంటున్న అని ఎంత తేలిగ్గా అనేసింది, జడలో పువ్వు పెట్టుకుంటున్న అన్నట్టు.

తెల్లవారుజామున లేచి పరగడుపున గోలీ వేసుకోవాలి, వేసుకున్నాక అరగంటైనా చాయ్ తాగకూడదు. నాకూ నాగమణికీ ఆ అరగంటే సొంతం. కోడళ్ళు లేవరు, పాలు రావు, గల్లీలో సైకిలు కూడా కదలదు, ఇద్దరం చెరొక గ్లాసు నీళ్ళతో వెనక వరండాలో కూర్చునేవాళ్ళం. చాయ్ కోసం నాలుక పీకేది. అక్కా అయ్యిందా అరగంట అనేది, ఇంకా కాలేదు కూర్చో అనేదాన్ని, నీకు గడియారం సూసుడు వస్తది గనుక నన్ను సతాయిస్తున్నవ్ అనేది. ముప్పై ఏళ్ళు ఒకే వంటింట్లో పోట్లాడుకున్నవాళ్ళం, అరగంట చాయ్ లేకుండా పక్కపక్కన కూర్చునేసరికి స్నేహితులమయ్యాము. ఆ అరగంటలోనే నేను ఆమెకు చదివి వినిపించేదాన్ని. నేను బడికి పోలేదు. దుకాణంలో ఉప్పు పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను, పత్రికలో కథ సగంలో చిరిగి ఉండేది, మిగతా సగం ఏ ఇంటికి ఉప్పుతో పాటు వెళ్ళిపోయిందో అని కొన్ని రోజుల పాటు మనసు పీకేది. ఇప్పటికీ ముగింపు తెలియని కథలు నా తలలో ఎన్ని తిరుగుతున్నాయో. నాగమణి అనేది, నువ్వే కలిపి చెప్పక్కా, ఎవరొచ్చి అడుగుతరు. కలిపి చెప్పేదాన్ని, నా కథల్లో వెళ్ళినవాళ్ళందరూ తిరిగి వచ్చేవాళ్ళు.

ఆ మనిషి ఎందుకు మానేసింది గోలీ? పురుషోత్తం చెప్పాడు గనుక. నేను కన్నాను గాని పెంచింది ఆమె, పిల్లలు లేని మనిషి, నా కొడుకును చంక దింపకుండా పెంచింది, వాడు మీసాలు వచ్చాక కూడా పెరుగన్నం ఆమె చేతి ముద్దే తినేవాడు. వాడు సీసా తెచ్చి, చిన్నమ్మా గిది తాగు, ఆ గోలీలు ఇసిరిపారెయ్, జిందగీ మొత్తం గోలీలు మింగుతవా అంటే, కాదు అనగలదా? విషం ఇచ్చినా, పురుషోత్తం ఇచ్చిండక్కా అని తాగేది. ఇవ్వలేదూ మరి!

వాడి సిద్ధాంతం వాడిది. బహదూర్‌పురాలో ఏదో ఫంక్షన్ హాల్లో ఒక పెద్దమనిషి మీటింగు పెట్టాడు, తెల్ల లాల్చీ, చెవి దగ్గర మైకు, డాక్టర్లు మీకు చెప్పని నిజం అని మొదలుపెడతాడట. థైరాయిడ్ అంటే అయోడిన్ ఆకలి, ఆకలైన మనిషికి అన్నం పెట్టాలిగాని గోలీ ఇస్తారా అన్నాడట. చప్పట్లు. మిగతావాళ్ళకు అది మాట, నా కొడుకుకు అది సూటిగా గుండెల్లో దిగిన మేకు. ఎందుకంటే మేము ఉప్పువాళ్ళం. అయోడిన్ కలిపిన ఉప్పే అమ్మాలని సర్కారు రూలు పెట్టాక కూడా వాడి నాయన పశువులకూ తోళ్ళకూ అని చెప్పి మామూలు దొడ్డుప్పు అమ్మాడు, కొన్నవాళ్ళు దాన్ని కూరల్లో వేసుకుంటున్నారని అందరికీ తెలుసు. కాబట్టి, మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకు ఈ రోగం రావడం ఉప్పు పాపం. ఇంట్లో దొడ్డుప్పు తిని తిని వచ్చింది. కాబట్టి అయోడిన్ పోస్తే పాపం పోతుంది. ఇంకెవరైనా ఆ మాట విని ఇంటికొచ్చి మరిచిపోయేవాళ్ళు, ఉప్పు సేటు కొడుకు మరిచిపోలేదు. ప్రాయశ్చిత్తం దొరికిందని సంబరపడ్డాడు, సీసాలు పెట్టెల కొద్దీ తెచ్చి దుకాణంలో ఉప్పు బస్తాల పక్కన వరుసగా పేర్చాడు.

అసలు నవ్వు వచ్చే సంగతి ఏమిటంటే, ఈ ఇంట్లో దొడ్డుప్పు ఎవరు తిన్నారు? నాకు రోగం బయటపడ్డ కొత్తలోనే ఆసుపత్రిలో అన్నారు, ఎందుకైనా మంచిది ప్యాకెట్ ఉప్పు వాడండమ్మా అని. ఉప్పు సేటు ఇంట్లో పక్క దుకాణం ఉప్పా! మా ఆయన వింటే తలకాయ ఎత్తుకుని తిరగగలడా! నాగమణే ఉపాయం చెప్పింది. ఎదురింటి సాజిదా తన సామానుతో పాటు మాకూ ప్యాకెట్లు తెచ్చేది, ఉప్పు చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు గనుక గోడ మీద పెట్టి చప్పట్లు కొట్టేది, మేము తీసుకుని జాడీలో పోసి పైన రెండు గుప్పిళ్ళు దొడ్డుప్పు చల్లేవాళ్ళం. మా ఆయన అన్నం తింటూ అనేవాడు, ఎంతైనా మన ఉప్పు రుచే వేరే. నాగమణి కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయేది. అన్నేళ్ళూ ఈ ఇంట్లో ఉడికింది అయోడిన్ ఉప్పే. ఇదంతా పురుషోత్తానికి నిరుడే చెప్పాను, నాగమణి ముందే చెప్పాను, ఆమె అవునురా నాయనా అంది కూడా. వాడేమన్నాడు? పొయ్యి మీద ఉడికినంక అయోడిన్ ఎగిరిపోతదమ్మా, ఆ సారు చెప్పిండు. ఎగిరిపోతదట! వాడి దగ్గర ప్రతిదానికీ ఒక జవాబు ఉంటుంది. నాకు గోలీలు రాసే డాక్టరమ్మ దగ్గర విన్నదీ చెప్పాను, ఇది అయోడిన్ తక్కువై వచ్చింది కాదు, చెదలు తలుపును తిన్నట్టు మన ఒంట్లో కాపలా కాయవలసిన కణాలే ఆ గ్రంథిని తింటున్నాయి, దాని మీద గుమ్మరించినట్టు అయోడిన్ పోస్తే చేసే కాస్త పనీ ఆపేస్తుంది, కడుపుతో ఉన్నవాళ్ళకు కొంత కావాలి గాని ఎంతో చెప్పేది డాక్టరు, సీసా అమ్మేవాడు కాదు. పొట్లం కాగితాలు చదివి నువ్వు కూడ డాక్టరువైతివా అమ్మా అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు, మరిచిపోను.

నా మాట ఎందుకు చెల్లదో నాకు తెలుసు. ఎవరు బయలుదేరినా నేను భయపడతాను. నాకు పాలపళ్ళు ఊడే వయసులో మా అమ్మ పురిటికని రేకుపెట్టె సర్దుకుని బండెక్కింది, చెయ్యి ఊపింది, ఆ పెట్టె ఒక్కటే వెనక్కి వచ్చింది. అప్పటి నుంచి సంచి కనబడితే చాలు దాని వెనకాలే తిరుగుతాను. మా ఆయన గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పండగ పువ్వుల కోసం వెళ్ళినా వచ్చేవరకు గుమ్మంలో నిలబడేదాన్ని, గంట పని అని వెళ్ళినవాడు బంతిపూల బేరంలో మధ్యాహ్నం చేసి వస్తే ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో ఉండేదాన్ని, ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. ఇప్పుడు పిల్లలంతా బయలుదేరేముందు నానమ్మ డ్యూటీ ఎక్కింది అంటారు. ఊరికే అన్నిసార్లు భయపడినందుకు, నిజంగా భయపడవలసిన రోజున నా భయానికి లెక్క లేకుండా పోయింది. కాని ఊరికే భయపడే మనిషికి కూడా కళ్ళుంటాయి కదా! ఉబ్బిన ముఖం ఉబ్బిన ముఖమే కదా, చూసింది పిరికిదైనా!

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు. సాజిదా. హరిచందనకు ఇవ్వడానికి గిన్నె నిండా ఖుబానీ మీఠా తెచ్చింది, గిన్నె మీద క్రోషియా గుడ్డ కప్పి.

"క్యా అక్కా, ఫిర్ మొఖం గట్ల పెట్టినవ్? పోరి పొయ్యేది జహీరాబాద్, జహన్నుం కాదు."

"నరకమో కైలాసమో, నువ్వు లోపలికి రా, దాని మొఖం సూడు."

సాజిదా గిన్నె బల్ల మీద పెట్టి హరిచందన గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. మాషా అల్లా అనబోయింది. అనలేదు. ఆమె వేళ్ళు గడ్డం దగ్గరే ఆగిపోయాయి.

"ఉబ్బింది గద అక్కా. నాగమణక్క మొఖం లెక్క..." అని చప్పున నాలుక కరుచుకుని రెండు చెంపలూ తట్టుకుంది. "తౌబా తౌబా. పొయ్యే యాళ్ల ఏం మాటలు నావి."

"చిన్న నానమ్మ మొఖం లెక్కనా, ఎందుకు?" అని హరిచందన అడిగింది. సాజిదా నా వైపు చూసింది, నేను కిటికీ వైపు చూశాను. ఏమీ లేదు బేటీ, ఖుబానీ ఫ్రిజ్జులో పెట్టుకో అని వెళ్ళిపోయింది. ఇదీ మా ఇంటి కట్టు, ఈ గల్లీ మొత్తం కట్టు. బయలుదేరే మనిషి ముందు పోయినవాళ్ళ మాట ఎత్తకూడదు. అందులో కడుపుతో ఉన్న పిల్ల ముందు అసలు ఎత్తకూడదు. కాబట్టి హరిచందనకు నాగమణి ఎట్లా పోయిందో ఎవరూ చెప్పలేదు. గుండె ఆగింది, వయసు, చలి, అని చెప్పారు. జహీరాబాద్ నుంచి దినాలకు వచ్చింది, ఏడ్చింది, వెళ్ళింది. తరువాత కడుపు నిలిచింది, ఇక ఎవరు చెబుతారు. ఎంత బాగుంది! కట్టుబాటు ఎవరిని కాపాడుతోంది? పిల్లనా, పిల్ల తండ్రినా?

దసరాకు నాగమణి గొంతు మారింది. మగవాడి గొంతులా బొంగురు. చలి అంటోంది, ఎండలో కూర్చుని చలి అంటోంది. కనుబొమ్మల చివర్లు రాలిపోయాయి. పొద్దున అరగంట వరండాలో కూర్చోవడానికి రావడం మానేసింది, వేసుకోవడానికి గోలీ లేనప్పుడు ఆగడానికి అరగంట ఎక్కడిది. నేను ఒక్కదాన్నే గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని, లోపలి నుంచి ఆమె గురక వినబడేది. పురుషోత్తం ఆ లాల్చీ మనిషికి పోను చేశాడు. ఆ మనిషి అన్నాడట, శుభం, పాత విషం బయటికి పోతోంది, చుక్కలు పెంచండి. పెంచాడు. నాగమణీ నా డబ్బాలోంచి ఒకటి వేసుకోవే అని బతిమాలాను. వద్దక్కా, పోరగాడు మస్తు ఆశ పెట్టుకున్నడు, జరంత ఓపిక పడితే తగ్గుతదట అంది. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టింది! ఒక్కో ముక్క మధ్య ఎక్కడికో వెళ్ళి వచ్చేది. పుష్యమాసం చలిలో ఒకరోజు పొద్దున లేవలేదు, ఒళ్ళు బండలా చల్లగా ఉంది, పిలిస్తే కళ్ళు తెరిచి మూసింది. సంచి నేనే సర్దాను అప్పుడు కూడా. దుప్పటి, గ్లాసు, మెత్తని చీర. సాజిదా కొడుకు షఫీఉద్దీన్ ఆటో తెచ్చి, నాగమణిని ఎత్తి కూర్చోబెట్టాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అందరూ నానమ్మ డ్యూటీ ఎక్కింది అనుకునే ఉంటారు. తరువాత ఆసుపత్రికి వెళ్ళాను, డాక్టరమ్మ పురుషోత్తాన్ని పక్కకు పిలిచి అడుగుతుంటే నేను ఆ పక్కనే ఉన్నాను. ఏ గోలీ వాడుతోంది, ఎప్పుడు ఆపారు, ఎవరు ఆపమన్నారు. వాడు, న్యాచురల్ ఇస్తున్నం మేడం అన్నాడు. ఆమె, థైరాయిడ్ మొత్తం పడిపోయింది, అందుకే స్పృహ తప్పింది, ఇది చలి కాదు, వయసు కాదు అంది. వాడు విన్నాడు. నేను వాడు వినడం చూశాను.

మరి విన్నవాడు సీసాలు మూసీలో పారెయ్యలేదేం? ఇన్ని నెలలుగా ఇదే నా తల తింటోంది. మూర్ఖుడు కాదు, దుర్మార్గుడు అసలే కాదు, చిన్నమ్మ బూడిద నదిలో కలిపిన రోజు గోడకు తల కొట్టుకుని ఏడ్చినవాడు. ఇప్పుడు, ఈ సంచి ముందు కూర్చుంటే, అర్థమవుతోంది. సీసా తప్పని ఒప్పుకుంటే, నోట్లో ముద్దలు పెట్టి పెంచిన చిన్నమ్మకు తన చేత్తో ఏం చేశాడో ఒప్పుకోవాలి. ఒప్పుకోలేడు. కాబట్టి సీసా మంచిదే అయి తీరాలి. మంచిదని రుజువు కావాలి. రుజువు కోసం కన్నకూతురికి పోస్తున్నాడు, దాని కడుపులో ఉన్నదానికి పోస్తున్నాడు. దేవుడా. నాకు జాలి వేయాలా ఇప్పుడు? వేయడం లేదు. జాలి తరువాత చూసుకోవచ్చు, ముందు ఆ తెల్ల డబ్బా కావాలి నాకు.

మెట్ల మీద వాడి అడుగులు. అల్లుడికి టిఫిన్ ఏం చేశారని కోడలిని అడుగుతూ లోపలికి వచ్చాడు, మంచం మీద విప్పి ఉన్న ఎర్రబట్ట చూశాడు, నా చేతిలో సీసా చూశాడు.

"అమ్మా, ఎందుకు కెలికినవ్? నేను మంచిగ కట్టిపెట్టిన గద."

"గోలీలేవిరా?"

"నా కాడున్నయ్." జేబు తడుముకున్నాడు. "ఆరో నెల దాకా చుక్కలేసుకుంటది. మల్ల టెస్టులు చేపిస్త. నువ్వు ఫికర్ వెట్టుకోకు."

"మీ చిన్నమ్మకు గూడ గిదే జెప్పినవ్."

రంగు మారింది వాడికి. కూతురి వైపు ఒకసారి చూసి, నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "పిల్ల పొయ్యే యాళ్ల గిప్పుడు గా ముచ్చటెందుకమ్మా? కడుపుతోని ఉన్నది. నీకు దండం పెడ్త, లొల్లి చెయ్యకు." నిజంగానే చేతులు జోడించాడు. జోడించి, నా చేతిలోంచి సీసా తీసుకుని, మళ్ళీ ఎర్రబట్టలో చుట్టి, సంచి అడుగున పెట్టి, జిప్పు లాగాడు. నేను చూస్తూ ఉన్నాను. నాకు ముందు చేతులు చల్లబడతాయి, మాట ఆఖరున వస్తుంది. ఎవరి సంచి? నేను సర్దిన సంచి! నా మనవరాలి సంచి! ఈ ఇంట్లో ఇన్నేళ్ళు ఉప్పు దాచి ప్యాకెట్ దాచి మగవాళ్ళ పరువు దాచి, ఇప్పుడు చావు కూడా దాచాలా? పొయ్యే యాళ్ల మాట్లాడొద్దు. వచ్చినప్పుడు మాట్లాడొద్దు, పండగ. ఉన్నప్పుడు మాట్లాడొద్దు, కడుపు. మరి ఎప్పుడు మాట్లాడాలి? బిడ్డ పుట్టి, పిలిస్తే తల తిప్పకపోతే, అప్పుడా?

హారన్ మోగింది. అనురాగ్ లోపలికి వచ్చాడు, మంచి పిల్లవాడు, రాగానే నా కాళ్ళకు దండం పెట్టాడు, మొగులైంది మామయ్యా, వాన పట్టుకోకముందే బైలెల్లుతం అని సంచి ఎత్తుకున్నాడు. ఉప్మా రెండు స్పూన్లు తిన్నాడు. హరిచందన నుదుట కోడలు కుంకుమ పెట్టింది, ఒడిలో పసుపు కొమ్ములు, ఖర్జూరాలు, కొబ్బరి వేసింది. పిల్ల వంగి నా కాళ్ళు పట్టుకుంది. లేవడానికి నా మోకాలు ఆసరా పట్టుకోవలసి వచ్చింది, ఈ వయసులో, ఈ నెలల్లో. ఆ చెయ్యి నా చేతి మీద పడింది. చల్లగా ఉంది. శ్రావణమాసపు ఉక్కలో, అందరికీ చెమటలు కారుతుంటే, బండలా చల్లగా.

నేను వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. బయలుదేరే మనిషికి ఎదురు రాకూడదని నాకు తెలియదా, అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. రెండు చేతులూ రెండు తలుపు రెక్కల మీద ఆనించాను.

"నానమ్మా, మల్ల అయ్యిందా నీ డ్యూటీ?" అని హరిచందన నవ్వింది.

"నవ్వకు బిడ్డా. గీ ఒక్కపాలి నవ్వకు. మీ చిన్న నానమ్మ గుండె ఆగి పోలె. గోలీ ఆపి, ఆ చుక్కలేసుకుని పోయింది. నీ మొఖం అచ్చం ఆమె మొఖం లెక్క అయితున్నది."

"అమ్మా!" అని పురుషోత్తం అరిచాడు.

"అరువకురా. ఆసుపత్రిల డాక్టరమ్మ నీకే జెప్పింది, నీ మొఖం మీదనే జెప్పింది. నేను అబద్ధమాడితే ఇప్పుడు అను. నీ బిడ్డ ముంగట అను."

వాడు నోరు తెరిచాడు. గుండె అన్నరు అందరు, అని ఏదో మొదలుపెట్టి, అల్లుడి వైపు, భార్య వైపు, చివరికి కూతురి వైపు చూసి ఆపేశాడు. గుమ్మం పక్కన చెప్పుల అరుగు మీద కూర్చున్నాడు, అంత పెద్ద మనిషి, మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అనురాగ్ చేతిలో సంచి నేల మీద పెట్టాడు. కారు ఇంజను గల్లీలో ఊరికే తిరుగుతోంది.

హరిచందన తండ్రి వైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నాకు గుండె అని ఎందుకు జెప్పిన్రు నాన్నా అంది. కిందికి వంగి సంచి జిప్పు తీసి, చీరల అడుగుకు చెయ్యి పెట్టి, ఎర్రబట్ట మూట బయటికి లాగి తండ్రి పక్కన అరుగు మీద పెట్టింది. ఆ తరువాత చెయ్యి చాపింది.

"నా గోలీలు ఇయ్యి నాన్నా."

ఇచ్చాడు. తల ఎత్తకుండా జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆ పిల్ల డబ్బా గుప్పిట్లో పట్టుకుని భర్తతో, ఊరు దాటకముందు డాక్టర్ మేడంకు పోను చెయ్యి, ఇన్ని దినాలు ఆపిన అని జెప్పాలె, రక్తం టెస్టు ఇయ్యాల్నే చేపిద్దాం అంది. నేను తలుపుల మీంచి చేతులు తీశాను. కారు మలుపు తిరిగేదాకా చూశాను, ఆ తరువాత కూడా కాసేపు అక్కడే ఉన్నాను, అది ఎవరు నవ్వినా మానగలిగింది కాదు. లోపలికి వచ్చి వాడి పక్కన నిలబడ్డాను, వాడి తల మీద చెయ్యి వెయ్యాలనిపించింది, వెయ్యలేదు, ఇంకా కోపం తగ్గలేదు నాకు, దుకాణంలో ఆ సీసాలు ఇంకా వరుసగా ఉన్నాయి.

మా గల్లీలో, మండీలో, చుట్టాల ఇళ్ళల్లో నాగమణి ఎట్లా పోయిందని ఇకమీదట ఎవరు అడిగినా, పెళ్ళిలో అడిగినా, ప్రయాణంలో అడిగినా, ఇట్లాగే చెబుతాను. నా తోటికోడలు నాగమణమ్మ థైరాయిడ్ గోలీలు మానేసి అయోడిన్ చుక్కలు వేసుకుంది. షఫీఉద్దీన్ ఆటోలో ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు. రెండువేల ఇరవై ఐదు, జనవరి ఇరవై రెండు, బుధవారం.